పదిహేనో మనిషి

పలాస,
జూలై 6.

చెల్లి కుసుమకు,

ప్రభువు నిన్నూ నీ ఇంటినీ చల్లగా చూడాలని కోరుకుంటూ మగ్దలీన రాసేది.

ఈ ఉత్తరం నీ చేతికే ఇమ్మని, మీ ఊరి రోగుల్ని తెచ్చే వ్యాను నారాయణమూర్తికి మరీమరీ చెప్పాను. నీకు చెవులు వినిపించడం మానేశాక ఫోను చేయాలంటే మనసు రావడం లేదు. మీ ఇంట్లో ఎవరో ఎత్తి, నీకు సైగలతో చెప్పి, నువ్వు చెప్పింది మళ్ళీ నాకు చెప్పేసరికి అందులో మన మాట ఏదీ మిగలదు. టెక్కలి హాస్టల్లో ఇద్దరం అప్పాచెల్లెళ్ళమైన రోజుల్లో, సెలవులకి ఎవరి ఊరు వాళ్ళం వెళ్ళి రాసుకున్నట్టే రాసుకుందాం. అప్పటి నీ కోడిగీతలు నేను ఇప్పటికీ చదవగలను.

ఇక్కడ మా కిడ్నీ ఆసుపత్రిలో పెద్ద గందరగోళం వచ్చిపడింది. నేను కూర్చునే కార్డుల కౌంటరులో కంప్యూటరు ఉంది కదా. ఎవరు ఏ రోజు రావాలి, కిందటిసారి రక్తంలో క్రియాటిన్ ఎంత ఉంది, ఏ మందులు రాశారు, అన్నీ దాంట్లోనే ఉంటాయి. కిందటి నెలలో దాన్నేదో కొత్తగా మార్చారు. తెల్లారి వచ్చి చూస్తే మీ పాతరేవు వాళ్ళు పద్నాలుగు మంది ఒక్క మనిషైపోయారు. పేరు చూస్తే రామూర్తి. వయసు ఇరవై తొమ్మిది. నూట పన్నెండు సార్లు ఆసుపత్రికి వచ్చాడట. మధ్యలో ఒకసారి గర్భిణి మాత్రలు కూడా రాసి ఉన్నాయి. షాలేమ్ రాజు డాక్టరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ చూశారు.

సరిచేయడానికి సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి పావని అని ఒకామె విశాఖపట్నం నుంచి వచ్చింది. నిదానమైన మనిషి. ఆమె చెప్పింది ఇది. ఒకే ఇంటిపేరు, ఏడు ఏదైనా ఒకే పుట్టిన తేదీ, ఒకే ఫోను నంబరు ఉంటే, పొరపాటున రెండుసార్లు రాసిన ఒకే మనిషి అనుకొని కంప్యూటరు కలిపేస్తుందట. మీ వీధి వీధంతా ఒకటే ఇంటిపేరు. పుట్టిన తేదీ తెలియదన్న ప్రతివాళ్ళకీ జనవరి ఒకటి అని వేసింది నేనే. ఆ మాట ఒప్పుకున్నాను. "మరి ఈ ఫోను నంబరు ఎవరిదమ్మా?" అని అడిగింది. నేను తల వంచుకొని కార్డులు సర్దుకున్నాను.

నువ్వు ఒక సాయం చేయాలి. మీ ఊరి పద్నాలుగు మంది పేర్లు వెనక కాగితం మీద రాశాను. ఎవరు ఏ వారం వ్యాను ఎక్కుతారో, ఎవరి జబ్బు ముదిరిందో, ఎవరిది ఇంకా మొదట్లో ఉందో నీకు తెలిసినంత రాసి పంపు. అంకెలూ తేదీలూ ఉన్నాయి గాని వాటి పక్కన పేర్లు లేవు. ఎవరి అంకె ఎవరిదో తేల్చకపోతే ఒకరి మందు ఇంకొకరి నోట్లో పడుతుంది. రాత్రి ప్రార్థనలో కూర్చుంటే అంకెలే కనిపిస్తున్నాయి.

నీ అప్ప,
మగ్దలీన


పాతరేవు,
జూలై 11.

మగ్దలీనప్పకి కుసుమ దండాలు.

నువ్వడిగినవన్నీ పేరు పేరునా రాసి లోపల పెట్టాను. ఊళ్ళో అడగకుండానే రాశాను. మా ఊళ్ళో ఒకరి క్రియాటిన్ ఒకరికి కంఠపాఠం. పెళ్ళికెళ్తే "కూర బాగుందా" అనడం మానేసి "ఎంతుంది నీకు" అనుకుంటున్నారు. గర్భిణి మాత్రల సంగతి నేను చెప్తే, రామూర్తి బాబుకి ఆయన భార్య నీలమ్మ పొట్ట చూపించి మరీ చెప్పింది. పాపం డెబ్భై ఏళ్ళ ముసలాయన, బోసి నోటితో ఒకటే నవ్వు.

ఆ ఫోను నంబరు నీదే కదప్పా. మాకు తెలీదా ఏటి? ఫోను లేని వాళ్ళకీ, ఫోను సముద్రంలో పారేసుకొని ఏడాదికి మూడు నంబర్లు మార్చేవాళ్ళకీ నువ్వే నీ నంబరు వేశావు. మెసేజీ నీకు వస్తే చీటీ మీద రాసి నారాయణమూర్తి చేత పంపేదానివి. నంబరు లేకపోతే కార్డు ఇవ్వనంది కంప్యూటరు, నువ్వు కాదు. ఆ పావనికి ఏమీ చెప్పకు. మంచికి చేసిన పనికి నువ్వు మాట పడడమేమిటి? నేను చెప్పను, ఊళ్ళో ఎవరూ చెప్పరు. దాచుకున్న మాట ఎవరినీ కరవదు.

మా ఇంట్లో సంగతులు బాగానే ఉన్నాయి. మీ మరిది కొండబాబు వేటకి వెళ్తున్నాడు. చేప మాత్రం లేదు. మా గుంటడు యువరాజు నాతో మాట్లాడడం మానేశాడు. వాడి ఈడు పిల్లలందరూ ఆగస్టులో గుజరాత్ వైపు వేరావల్ బోట్లకి వెళ్తున్నారు. వీడు కూడా వెళ్తానని, నేను ఈ ఏడు వద్దని. ఎందుకు వద్దంటున్నావని వీడు గోడ మీద బొగ్గుతో రాసి మరీ అడిగాడు. తల్లి మాటకి కారణం ఉండాలా? భావనపాడు పిల్లతో పెళ్ళి మాటలు నడుస్తున్నాయి, అవి తేలనీ అన్నాను. అది నిజమే కదా.

రావివలస మల్లికార్జునుడికి మొక్కుకున్నాను. దేనికని అడగకు.

కుసుమ


పలాస,
జూలై 22.

చెల్లి కుసుమకు,

నువ్వు పంపిన కాగితం మాకు దీపంలా పనికొచ్చింది. పావనీ నేనూ తొమ్మిది రోజులు కూర్చున్నాం. ముందు మగవాళ్ళని, ఆడవాళ్ళని విడదీశాం. తర్వాత బుధవారం వ్యానులో వచ్చేవాళ్ళని, శనివారం వచ్చేవాళ్ళని. ఆ తర్వాత అంకెల్ని పట్టుకున్నాం. ఈ జబ్బులో అంకె మెట్లెక్కినట్టు నెమ్మదిగా పెరుగుతుందట. ఒకటి నుంచి ఒక్కసారిగా మూడున్నరకి గెంతి, మళ్ళీ ఒకటికి దిగదు. అలా ఎవరి మెట్లు వాళ్ళకి పేర్చుకుంటూ వచ్చాం.

ఇప్పుడు నీకు మంచి మాట చెబుతాను. మీ ఇంటి కార్డు మీద, మరిది కొండబాబు పేరున వచ్చిపడినవి చూస్తే, కిందటి అక్టోబరులో 1.0 ఉంది. జనవరిలో 3.6, మార్చిలో 3.8, మే నెలలో 1.1. ఒకటి చుట్టూ ఉంటే మామూలే, మూడు దాటితే జబ్బు ముదిరినట్టే. పావని నెమ్మదిగా, "మధ్యలో రెండూ ఈయనవి కావమ్మా, ఎవరివో వచ్చి పడ్డాయి" అంది. రామూర్తి బాబుకి ఆ రెండు నెలల అంకెలు లేవు. అంతకుముందు ఆయనకి 3.4 ఉంది. కాబట్టి అవి ఆయనవని అక్కడికి మార్చాం. ముక్కకి ముక్క అతికింది. మరిదికి ఏ జబ్బూ లేదు.

ఆ 3.6 కాగితం అప్పుడే నీ చేతికి వచ్చి ఉండాలి. ఇన్నాళ్ళు ఎంత భయపడ్డావో, నాకు ఒక్క ముక్క కూడా రాయలేదు. మొక్కు దేనికో నాకిప్పుడు అర్థమైంది. ఇక నిశ్చింతగా ఉండు.

నంబరు సంగతి నేను చెప్పలేదు. పావని మళ్ళీ అడగలేదు కూడా. అడగకపోవడమే నాకు బాగాలేదు.

నీ అప్ప,
మగ్దలీన


పాతరేవు,
జూలై 25.

అప్పా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్కటే అడుగుతాను, దీనికి జవాబు రాయి.

కంప్యూటరులో రాతలే కలిసిపోయాయా, రక్తం తీసే సీసాలు కూడా కలిసిపోయాయా? జనవరిలో మాకిచ్చిన కాగితం మీద 3.6 అని అచ్చయి ఉంది. ఆ రోజు మా మనిషి సూది పొడిపించుకున్నది నిజం. నేను పక్కనే ఉన్నాను. అయినా ఆ 3.6 వేరే వాళ్ళదే అంటావా? నువ్వు అంటే నమ్ముతాను.

ఎందుకని అడగకు. వ్యాను తిరిగొచ్చేటప్పుడు జవాబు కావాలి.

కుసుమ


పలాస,
జూలై 28.

చెల్లి కుసుమకు,

ఎంత నలిగిపోయావమ్మా. మనిషికి భయం పట్టుకుంటే మంచి మాట కూడా నమ్మబుద్ధి కాదు.

పావని విశాఖ వెళ్ళింది కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. ఏది దేనితో కలిసిందో చెప్పలేనంతగా కలిసిపోయింది. పాత కాగితం ఏదీ నమ్మకు. అందులో ఉన్న 3.6 మీ ఇంటిది కాదు, రామూర్తి బాబుది. ఇప్పుడు మేము సరిచేసి ఇచ్చినదే నమ్ము. మీ ఇంటి మనిషి బాగున్నాడు.

నీ కోసం మోకరించి స్తుతి చెల్లించాను. నువ్వు నీ దేవుడికి కొబ్బరికాయ కొట్టుకో. ఇద్దరికీ కోపం రాదులే.

మగ్దలీన


పాతరేవు,
ఆగస్టు 9.

అప్పకి,

నువ్వు చల్లగా ఉండాలి. నీ ఉత్తరం రవికెలో పెట్టుకొని రావివలస వెళ్ళి మొక్కు తీర్చుకున్నాను. ఆ పాత కాగితాలు రెండూ పసుపూ కుంకుమా వేసి సముద్రంలో కలిపేశాను. పీడ వదిలింది.

యువరాజు మొన్న వేరావల్ బండెక్కాడు. నేనే రొట్టెలూ, ఎండుచేపలూ, నొప్పుల బిళ్ళలూ సర్దాను. బోటు మీద వల లాగేవాళ్ళకి రాత్రికొకటైనా ఆ బిళ్ళ వేసుకోకపోతే తెల్లారి నడుము లేవదంటారు. జనవరి నుంచి వాడిని ఆ బిళ్ళ ముట్టనివ్వలేదు, ఉప్పు తిననివ్వలేదు. పిచ్చి తల్లి అనుకున్నాడు. వెళ్ళేటప్పుడు నా బుగ్గ గిల్లి నోరు ఇంత తెరిచి ఏదో అన్నాడు. పెదాల్ని బట్టి చూస్తే "ఇప్పటికి ఒగ్గీసినావా?" అన్నట్టుంది. ఔను, వదిలేశాను అని తలూపాను.

భావనపాడు వాళ్ళు ఏప్రిల్లో వాడు తిరిగొచ్చాక ముహూర్తం అన్నారు. పిల్ల పేరు సింధూర. బాగుంది. నీకు మొదటి శుభలేఖ.

కుసుమ


పలాస,
ఆగస్టు 24.

చెల్లి కుసుమకు,

మళ్ళీ తికమక పడ్డాను. నీకు కాక ఇంకెవరికి రాయను.

మేము రామూర్తి బాబు కార్డులోకి మార్చిన అంకెలు చూసి డాక్టరు గారు ఆయన్ని పిలిపించారు. జబ్బు వేగంగా ముదురుతోంది, డయాలసిస్‌కి సిద్ధపడాలి అని చెప్పారు. నీలమ్మ గారు కౌంటరు దగ్గరికి వచ్చి చెయ్యి నడుము మీద పెట్టుకొని అడిగింది.

"ఏటమ్మా, జనవరి ఇరవై రెండు అంటన్నారు. ఆ నెలంతా మా ముసలోడు జలంత్రకోటలో కూతురింటికాడున్నాడు. మార్చిలో మళ్ళీ అక్కడే, జీడిపిక్కలు ఒలిసినాడు. మనిషి అక్కడుంటే రగతం ఒక్కర్తీ బండెక్కి ఒచ్చిందా?"

మళ్ళీ పరీక్ష చేయించాం. ఆయనది 3.4 మీదే ఉంది. కదల్లేదు. మా వల్ల ఒక ముసలాయన పది రోజులు చావు గురించి ఆలోచించుకున్నాడు. నేను ఆయన కాళ్ళు పట్టుకోబోతే, "ఒగ్గీమ్మా, పదిరోజులూ మా ఆవిడ నన్ను తిట్టలేదు, అదే సాలు" అన్నాడు.

మరి ఆ 3.6 ఎవరిది? పావని మళ్ళీ వచ్చింది. పద్నాలుగు మందికీ పక్కపక్కన పెట్టి చూశాం. ఎవరికీ అతకడం లేదు. పద్నాలుగు పేర్లు ఉన్నాయి, పదిహేను మంది రక్తాలు ఉన్నాయి. పదిహేనో మనిషి ఎవరో ఉన్నారు. పేరు లేదు, కార్డు లేదు. రెండుసార్లు సూది పొడిపించుకొని మాయమైపోయారు. రెండో అంకె మొదటిదానికంటే పెరిగింది. డాక్టరు గారు ఒకటే మాట అన్నారు. "ఆ మనిషి ఎక్కడున్నా ఈ పాటికి మందులో ఉండాలి. నొప్పుల బిళ్ళలు వేసుకుంటుంటే మాత్రం, ఉన్న కాస్తా పోతుంది."

ఇంకో సంగతి. నీకు నేను తప్పు చెప్పాను. కలిసిపోయినవి కంప్యూటరులో రాతలేనట. అది జూన్ పందొమ్మిది రాత్రి జరిగింది. సీసాలకి ఏమీ కాలేదు. అంతకుముందు అచ్చయిన కాగితాలన్నీ సరైనవేనట. పాత కాగితం నమ్మకు అని నీకు రాసిన దాన్ని నేను. నీ మనసు తేలికవ్వాలని, తెలియనిది తెలిసినట్టు రాశాను.

మీ ఊళ్ళో ఎవరైనా ఇంకొకరి కార్డు మీద వచ్చారేమో నెమ్మదిగా కనుక్కో.

మగ్దలీన


పాతరేవు,
సెప్టెంబరు 1.

అప్పకి,

ఉత్తరం అందింది. వానలు ఎక్కువగా ఉన్నాయి. సముద్రం ఒడ్డు కోసేస్తోంది. మీ మరిదికి జలుబు.

మా ఊళ్ళో ఎవరు ఎవరి కార్డు మీద వస్తారు? అలాంటివాళ్ళు లేరు. నాకు చెవులు లేవు, నన్ను కనుక్కోమంటే ఎలా కనుక్కుంటాను? కంప్యూటరు పద్నాలుగు మందిని ఒకడిని చేసింది కదా, ఒకడిని పదిహేను మందిని కూడా చేస్తుంది. నీకు నువ్వే ఆ అంకె మాది కాదన్నావు. మళ్ళీ ఇప్పుడు కాగితం నిజం అంటున్నావు. ఏ మాట మీద నిలబడాలి మేము? మొన్నటిదాకా అందరం బాగున్నాం.

ఇక ఈ సంగతి రాయకు.

కుసుమ


పలాస,
సెప్టెంబరు 6.

కుసుమా,

రాయొద్దన్నా రాస్తున్నాను, కోపం తెచ్చుకో.

మనం ఒకరి సంగతి ఒకరం దాచుకుంటే మంచిదనుకున్నాం. నిన్న నేను డాక్టరు గారి గదికి వెళ్ళి ఆ నంబరు నాదేనని చెప్పేశాను. పావని కూడా ఉంది. ఆమెకు మొదటి రోజే తెలుసట. ఆ నంబరుకి ఫోను చేస్తే నా సంచిలో మోగిందట. "మీరే చెబుతారని ఆగానమ్మా" అంది. డాక్టరు గారు కేకలు వేయలేదు. కేకలు వేసి ఉంటే ఏడ్చి తేలికపడేదాన్ని. ఇక నుంచి నేను రాసిన ప్రతి కార్డూ ఇంకొకరు చూశాకే కంప్యూటరులోకి ఎక్కుతుంది. అది న్యాయమే.

చెప్పాక ఇంటికి వచ్చి నీ ఉత్తరాలన్నీ తీసి వరసగా చదివాను. నేను పోలీసును కాదు, అక్కని. అందుకే అడుగుతున్నాను. జనవరిలో సూది పొడిపించుకున్నది "మా మనిషి" అని రాశావు. మీ మరిది అని రాయలేదు. జనవరి నుంచి ఉప్పూ బిళ్ళలూ మాన్పించింది ఎవరి చేత? వేరావల్ వద్దన్నది ఎవరిని? నేను మీ ఇంటి అంకె కాదన్న పది రోజులకే ఎవరిని బండెక్కించావు?

నేను పొరబడితే నన్ను తిట్టు. జీవితమంతా నీ తిట్లు తింటాను. పొరబడకపోతే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకు. నారాయణమూర్తిని పొద్దున్నే మీ గుమ్మం ముందు నిలబడమన్నాను. నువ్వు రాసేదాకా కదలడు.

మగ్దలీన


పాతరేవు,
సెప్టెంబరు 8.

అప్పా,

వాడిదే. యువరాజుదే.

డిసెంబరులో పొద్దున లేచేసరికి వాడి ముఖం ఉబ్బేది, సాయంత్రానికి కాళ్ళు. మా ఊరి ఆడదానికి ఇది ఒకరు చెప్పాలా? పరీక్షకి వాడి పేరు రాయిస్తే వ్యానులో వచ్చిన పన్నెండు మందీ చూస్తారు. సాయంత్రానికి భావనపాడు తెలుస్తుంది. ఇరవై మూడేళ్ళవాడికి కిడ్నీ కార్డు ఉందంటే మా వైపు పిల్లనివ్వరు. ఆ రోజు మీ మరిది వేటలో ఉన్నాడు. ఆయన కార్డు నా చేతిలో ఉంది. వ్యానులో వాళ్ళకి నాకు తోడని చెప్పి, వాళ్ళందరివీ అయ్యాక ల్యాబులో కొండబాబు అని పిలిస్తే నువ్వు లేచి వెళ్ళు అన్నాను. వెళ్ళాడు. మార్చిలో ఇంకోసారి. నువ్వు కౌంటరులో ఉంటావని, వాడిని వెనక గుమ్మం నుంచి తీసుకెళ్ళాను. నీకు కనబడకుండా.

కాగితం వాడికి చూపించలేదు. బాగుంది అని చెప్పాను. వాళ్ళ అయ్యకి కూడా తెలీదు. పెళ్ళి కుదిరాక నీ దగ్గరికే తీసుకొచ్చి నీ చేతిలో పెడదామనుకున్నాను. ఈలోగా నువ్వు ఆ అంకె మీది కాదని రాశావు. ఎవరి రక్తమో నాకు తెలుసు, అయినా నీ మాటే పట్టుకున్నాను. సీసా మారిందేమో, దేవుడు చూశాడేమో అనుకున్నాను. నిజం రెండు చేతుల్లో ఉంటే నాకు కావలసిన చెయ్యి పట్టుకున్నాను. బిళ్ళలు నేనే సర్దానప్పా. రెండు పెద్ద అట్టలు.

నిన్ను అనను. నీకు నేను చెప్పి ఉంటే నువ్వు అలా రాసేదానివి కాదు.

బోటు నడిపే తండేలు నంబరు కింద రాశాను. నాకు ఫోనులో మాట వినపడదు. మీ మరిది చేత చేయిస్తే ముందు ఆయనకి చెప్పాలి, నోరు రావడం లేదు. నువ్వే చెయ్యి.

కుసుమ


పలాస,
సెప్టెంబరు 19.

చెల్లి కుసుమకు,

బోటు సముద్రం మీద ఉందన్నారు. తొమ్మిది రోజులు ఎదురుచూశాను. నిన్న మధ్యాహ్నం కౌంటరులో ఉండగా ఫోను మోగింది. మాట మాటా రాస్తున్నాను, నువ్వు వినలేకపోయావు కాబట్టి.

"పెద్దమ్మా, నాను యువరాజుని. అమ్మకేటైనా అయ్యిందా?"

"అమ్మ బాగుంది నాయనా. నీ సంగతే. కాళ్ళు వాస్తున్నాయా?"

"వల లాగితే అందరికీ వాస్తాయి."

"బిళ్ళలు ఎన్ని వేసుకుంటున్నావు?"

"పొద్దుటొకటి, రాత్తిరొకటి. లేపోతే నడుం లెగదు. ఎందుకు అడుగుతన్నావు?"

అప్పుడు చెప్పాను. జనవరి అంకె, మార్చి అంకె, అన్నీ చెప్పాను.  

"మా అయ్య పేరున ఇచ్చిన రగతమా? అమ్మ బాగుందని సెప్పిందే."

"అమ్మ భయపడింది. తర్వాత అమ్మకి నేను తప్పు చెప్పాను. అది నీది కాదన్నట్టు రాశాను."

"అంటే ఇద్దరూ కూడి నన్ను బాగు సేసీసినారు."

 అతనే మళ్ళీ, "ఇప్పుడేటి సెయ్యాలి?" అన్నాడు. బిళ్ళలు ఆ క్షణమే ఆపమని, వచ్చేయమని చెప్పాను. "తండేలుతో మాట్లాడి బేగి ఒచ్చెత్తాను. అమ్మని తిట్టకు పెద్దమ్మా, నాను తిట్టుకుంతాను" అని పెట్టేశాడు.

పలాస స్టేషనుకి నేను వెళ్తాను. మొదట ఆసుపత్రి, తర్వాత ఇల్లు. నువ్వు శనివారం వ్యానులో రా. మరిదికి ఈ లోపల నువ్వే చెప్పు. అది నేను చేసే పని కాదు.

మగ్దలీన


పాతరేవు,
అక్టోబరు 4.

అప్పా,

మొన్న ఆసుపత్రిలో అంతమందిలో నీతో ఏమీ మాట్లాడలేకపోయాను. వాడిది 4.6 అని చూశాక నాకు నీ ముఖం కూడా సరిగ్గా కనబడలేదు. డయాలసిస్ ఇప్పుడే అక్కర్లేదని, మందులతో, పథ్యంతో చాలా ఏళ్ళు లాగొచ్చని డాక్టరు గారు కాగితం మీద రాసి చూపించారు. చాలా అంటే ఎన్నని అడగలేదు. జనవరిలోనే వచ్చి ఉంటే ఇంకొన్ని ఏళ్ళు కలిసొచ్చేవి కదా. అది డాక్టరు గారు అనలేదు. నేనే అనుకున్నాను.

మీ మరిదికి నేనే చెప్పాను. రెండు రోజులు వలలు బాగుచేస్తూ కూర్చున్నాడు. బాగున్న వలని కూడా విప్పి మళ్ళీ అల్లాడు.

యువరాజు ఇంటికి వచ్చినప్పటి నుంచి నా మీద కోపం చూపించలేదు. నేను వడ్డిస్తే తింటున్నాడు. ఉప్పు లేదని అనడు. నిన్న రాత్రి నేను వాడి మందుల చీటీ, రిపోర్టు తీసి నా ట్రంకుపెట్టెలో, నా చీరల కింద పెట్టబోయాను. వాడు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు. కేకలు వేసినా నాకు వినపడదని వాడికి తెలుసు. కేలెండరు కాగితం చింపి దాని వెనక రాసి నా ముందు పెట్టాడు.

"నా కాగితం నాకియ్యి."

ఇచ్చాను. మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పొద్దున్నే తలస్నానం చేసి ఆ చొక్కాతోనే భావనపాడు బయల్దేరాడు. ఎందుకని వాళ్ళ అయ్య అడిగితే, సింధూరకి తనే చూపిస్తానన్నాడట. నన్ను రమ్మనలేదు. నేనూ వస్తానని అడగలేదు. బస్సు దాకా వెనకాలే వెళ్ళాను. ఎక్కాక కిటికీలోంచి చూసి, ఇంటికెళ్ళు అని చెయ్యి ఆడించాడు.

ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. ఇంకా రాలేదు. వాళ్ళు కాదంటారో, ఔనంటారో, గుమ్మంలోనే నిలబెట్టి పంపేస్తారో తెలీదు. ఏమన్నా సరే, ఆ మాట ముందు వాడి చెవినే పడుతుంది. ఆ తర్వాతే నాకు.

నారాయణమూర్తి రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. ఇంతటితో ఇచ్చేస్తున్నాను.

కుసుమ